చింతపండుతో తోమిన ఫ్లాస్కు

మా వదిన త్రివేణి కలలు కనే మనిషి. ఇది మెచ్చుకోలుగా అనడం లేదు. స్టవ్వు మీద పాలు పెట్టి, అవి పొంగి గట్టంతా పారి, మాడువాసన వీధి దాకా పోయినా సరే, పక్కనే నిలబడి గిన్నెలోకి చూస్తూ ఉండేది. "ఏం చూస్తున్నావమ్మా అంత మురిపెంగా?" అని నేను ముందు గదిలోంచి అరిస్తే, "ఆవిరి నీలిమా, ఎండ పడి ఎంత బాగుందో" అనేది. ఒళ్లు మండదూ? నేను ఆమెకు ఆడపడుచును. వంకలు పెట్టడం నా హక్కు. ఆ హక్కును ఒక్కరోజు కూడా వదులుకోలేదు.

మా నాన్న రామయ్యది బొబ్బిలి దగ్గర పల్లె. రాయపూర్ వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టర్‌గా చేరి, రైల్వే క్వార్టర్లోనే మమ్మల్ని పెంచి, రిటైరయ్యాక గుఢియారిలో రెండు గదుల ఇల్లు కట్టుకుని, అందులో ఎక్కువకాలం ఉండకుండానే వెళ్లిపోయాడు. ముందు గదిలో నేను జాకెట్లు కుడతాను. అన్నయ్య నాగబాబు గూడ్స్ బండి నడుపుతాడు కాబట్టి ఇంట్లో ఉన్న రోజుల కంటే బిలాస్‌పూర్ రన్నింగ్ రూములో పడుకున్న రోజులే ఎక్కువ. ఇక మిగిలింది మా అమ్మ పైడమ్మ, నేను, మా వదిన. ముగ్గురు ఆడవాళ్లం, ఒక కుట్టుమిషను, వదిన కెమిస్ట్రీ.

వదిన ఊళ్లోనే ఒక ప్రైవేటు కాలేజీలో డెమాన్‌స్ట్రేటరు. అంటే పిల్లలకు పరీక్షనాళికలు అందిస్తూ, పగిలినవి ఊడుస్తూ, "సార్ వచ్చేదాకా ముట్టుకోకండి" అని అరిచే ఉద్యోగం. అక్కడే ప్రేమ్‌చంద్ సర్ దగ్గర డాక్టరేటుకు పేరు రాయించుకుంది. అది వస్తే లెక్చరర్ని చేస్తామని కాలేజీవాళ్లు మాట ఇచ్చారు. రాకపోతే ముసలయ్యేదాకా నాళికలు అందించడమే. నేను చెబుతున్న సంవత్సరం 2018. ఇచ్చిన గడువులన్నీ పొడిగించి పొడిగించి అయిపోయాయి. వచ్చే ఫిబ్రవరి ఆఖరు. అది దాటితే రిజిస్ట్రేషను రద్దు, చేసిన పనంతా బూడిదలో పోసినట్టే. ఇంట్లో అందరికీ ఈ ఫిబ్రవరి పట్టుకుంది. అమ్మ దేవుడికి దీపం పెట్టినప్పుడల్లా "పిబ్రవరి తల్లీ, సల్లగా సూడు" అనేది. ఫిబ్రవరిని ఒక అమ్మవారనుకుందో ఏమో పాపం.

ఆ పనేమిటో నాకు అర్థమయ్యేలా ఒకసారి చెప్పింది. సాయంత్రం మేడమీద బట్టలు తీస్తున్నాం. ఉర్లా వైపు ఫ్యాక్టరీల పొగ ఆకాశంలో సాగిపోయి, కింద నారింజరంగు, పైన ఊదారంగు కలిసిపోయాయి. ఆరేసిన తెల్ల దుప్పటి మీద ఎప్పట్లాగే నల్లటి నుసి. నేను తిట్టుకుంటూ దులుపుతున్నాను. వదిన దుప్పటి కొస పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆల్కహాల్ అని ఒకటుంటుంది నీలిమా. దాన్ని కీటోన్‌గా మార్చాలి. అత్తరుల్లో, మందుల్లో, రంగుల్లో ఎక్కడ చూసినా ఈ కీటోన్లే. కానీ ఊరికే మారదు. రాగో పల్లాడియమో ఏదో ఒక లోహం పక్కన ఉండాలి."

"ఉండి ఏం చేస్తుంది? దానికి జీతమా?"

"మావయ్యగారు చెప్పేవారు కదా, పాయింట్స్‌మన్ గురించి. లీవరు లాగితే వ్యాగన్ ఆ లైన్లోంచి ఈ లైన్లోకి వెళ్లిపోతుంది. ఆయన మాత్రం ఉన్నచోటే ఉంటాడు, తర్వాతి వ్యాగన్ కోసం. లోహం అంతే."

"మరి నువ్వేం కనిపెట్టావ్?"

వదిన నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. "పాయింట్స్‌మన్ లేకుండానే వ్యాగన్‌ని లైను మార్చాను. లోహం అక్కర్లేదు. కాస్త క్షారం, కాస్త వేడి, మామూలు గాలి. అంతే. మందుల కంపెనీలకు లోహం అంటే భయం, మాత్రలో రవ్వంత మిగిలినా ఒప్పుకోరు. ఇది వాళ్లకు పండగే."

నాకు కెమిస్ట్రీ రాదుగానీ గర్వం వచ్చింది. బయటికి మాత్రం "ముందు దుప్పటి మడతపెట్టు" అన్నాను.

ఆ ప్రయోగాన్ని ఆమె ఎప్పుడూ ఒకే ఫ్లాస్కులో చేసేది. గుండ్రటి అడుగు, సన్నటి మెడ ఉన్న పాత గాజు ఫ్లాస్కు. అంతకుముందు వివేక్ అనే కుర్రాడు పరిశోధన చేసి, హైదరాబాదులో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చి పోతూ పోతూ వదిలేసి వెళ్లాడట. దాని అడుగున గోధుమరంగు మరకొకటి చుట్టలా పట్టేసి ఉండేది. సబ్బుకు పోదు, ఎసిటోనుకు పోదు. యాసిడ్ పోస్తే పోయేదేమో. వదిన పోయలేదు. ఒకసారి కొత్త ఫ్లాస్కులో చేసి చూస్తే పని జరగలేదట. ఆరోజు కరెంటు పోయి వేడి తగ్గిందని సర్దుకుంది. మళ్లీ పాతదాంట్లో చేస్తే లక్షణంగా వచ్చేసింది. అంతే, ఇక దాన్ని వదల్లేదు.

"అది నాకు కలిసొచ్చిన ఫ్లాస్కు" అనేది.

సైన్సు చదివిన మనిషికి ఈ కలిసిరావడం ఏమిటో! నేను మంచి బోణీ కోసం ఎదురుచూస్తే మాత్రం "మూఢనమ్మకం నీలిమా" అని నాకు పాఠం చెప్పేది.

ఒకసారి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ ప్రయోగం చూశాను. నూనె గిన్నెలో కూర్చున్న ఫ్లాస్కు అడుగున చిన్న తెల్లటి గొట్టంముక్క తనంతట తనే గిరగిరా తిరుగుతోంది. కింద అయస్కాంతం ఉందట. ద్రవం మధ్యలో సుడి. గాలి బుడగలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. కాసేపటికి గదిలో ఒక వాసన మొదలైంది. నారింజ పూతలా తియ్యగా, బాదంపప్పులా కమ్మగా. ఏదో పెళ్లింటి ముందు నుంచి నడిచి వెళుతున్నట్టనిపించింది. వదిన కళ్లు సగం మూసుకుని "వచ్చేసింది" అంది గుసగుసగా. ఇంటిదగ్గర ఎదురుచూస్తున్న గిరాకీల సంగతి మరిచిపోయి నేనూ అక్కడే నిలబడిపోయాను. నన్ను కూడా తనలా చేసేసిందనే కోపంతో ఇంటికొచ్చాను.

మా ఇంట్లో దసరాకి ఆయుధపూజ తప్పదు. రాయపూర్లో కార్ఖానాలవాళ్లు విశ్వకర్మ పూజ చేసుకుంటారు. నాన్న అక్కడ అది చేసి, ఇంటికొచ్చి దసరాకి ఇదీ చేసేవాడు. ఆయన పోయినా ఆయన స్పానర్లు అమ్మవారి ముందుకు రావాల్సిందే. పక్కన నా కత్తెర, అన్నయ్య టార్చిలైటు. ఆ ఏడు అమ్మ పట్టుపట్టింది.

"అందరి పనిముట్లూ ఎట్టినాం, దీనిదేటి? పిబ్రవరి వచ్చేత్తంది. త్రివేణమ్మా, నువ్వు రోజూ ఏ బుడ్డీతో పన్జేత్తావో అది అట్టుకురా."

వదిన మురిసిపోయి, సెలవులిచ్చేరోజు ఫ్లాస్కును చున్నీలో చుట్టుకుని తెచ్చింది. పండగనాడు చూస్తే అది అమ్మవారి పటం ముందు, కింద బియ్యం పోసిన పళ్లెంలో, పసుపూ కుంకుమా బొట్లు పెట్టుకుని ధగధగలాడుతోంది. అడుగున మరక మచ్చుకైనా లేదు. దీపం వెలుగు అందులోంచి పడి గోడమీద వంకీలు తిరుగుతోంది. వదిన ఆ వెలుగు చూస్తూ చేతులు జోడించడం కూడా మరిచిపోయింది.

"అబ్బ, అత్తయ్యా! కొత్తదైపోయింది" అంది.

"మరేటనుకున్నావ్" అంది అమ్మ.

సెలవులు అయ్యాక వదిన ప్రయోగం పెట్టింది. రాలేదు. మళ్లీ పెట్టింది. రాలేదు. పలక మీద చుక్కపెట్టి ఊదారంగు దీపం కింద చూస్తే, పోసిన ఆల్కహాల్ పోసినట్టే ఉందట. క్షారం పాతబడిందేమోనని కొత్తది తెప్పించింది. చలి మొదలైంది కాబట్టి గాలి మారిందేమో అంది. నూనె మార్చింది, గొట్టాలు మార్చింది, తనను తాను తిట్టుకుంది. ప్రేమ్‌చంద్ సర్ "మొదట్లో వచ్చిన ఫలితాలు చాలు బేటా, రాయడం మొదలుపెట్టు" అన్నారు. ఈమె రాయదు. "వచ్చినది రాకుండా ఎలా పోతుంది నీలిమా?" అని నన్ను అడుగుతుంది. నన్నడిగితే ఏం చెప్పను, నా తలకాయ!

మనిషి చిక్కిపోయింది. పాలు పొంగినా ఇప్పుడు ఆవిరి చూడ్డం లేదు, టక్కున కట్టేస్తోంది. అది చూసి నాకు భయమేసింది.

ఒక ఆదివారం పొద్దున్నే "నన్నెక్కడికైనా తీసుకుపో" అంది. స్కూటీ మీద నయా రాయపూర్ వైపు పోయాం. అక్కడ రోడ్లు ఎంత వెడల్పో, మనుషులు అంత తక్కువ. మంచు ఇంకా విడలేదు. ముందు దీపస్తంభాలు ఒక్కొక్కటే మంచులోంచి బయటికొచ్చి, మా పక్కనుంచి జారి, వెనక మంచులో కలిసిపోతున్నాయి. స్కూటీ నడుస్తోందో, మేం ఆగి ఉంటే రోడ్డే కదులుతోందో తెలియలేదు. వదిన నా భుజం మీద గడ్డం ఆనించింది.

"నిన్న కలొచ్చింది. ఫ్లాస్కులోకి దిగి వెతుకుతున్నాను. లోపల ఈ రోడ్డులాగే ఉంది. ఎవరో ఉండాలి అక్కడ, లేరు. ఎవరినో పిలుస్తున్నాను, పేరు తెలీదు."

"కడుపునిండా తినకపోతే అలాంటి కలలే వస్తాయి" అన్నాను. కానీ నాకూ ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాం. వదిన పప్పన్నం కెలుకుతూ ఉంది. అమ్మకు ఓపిక చచ్చిపోయింది.

"ఏటి రోగమే ఆ బుడ్డీకి? రాత్రంతా సింతపండు నీల్లల్లో నానబెట్టినాను. పుల్లకు కొబ్బరిపీచు కట్టి, ఉప్పేసి, అడుగంటా తోమినాను. ఆ మరక వదిల్తే నీల్లు పచ్చగా దిగినాయి, మన రాగిసెంబు తోమితే దిగుతాయే, అలగ. అంత సుబ్బరంగా సేత్తే ఇంకా పన్జెయ్యదేటి?"

వదిన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఏ రంగు అన్నారు అత్తయ్యా?"

"పచ్చగా, మూడుసార్లు సెప్పాలేటి? రాగిసెంబు నీల్లలాగ."

వదిన చటుక్కున లేచింది. చెయ్యి కూడా కడుక్కోలేదు. వెనకాలే వెళితే పెరట్లో గోడ పట్టుకుని నిలబడి ఉంది. "వివేక్ వాడింది రాగి" అంది. "ఏళ్ల తరబడి అదే ఫ్లాస్కులో. ఆ మరక రాగి, నీలిమా. పాయింట్స్‌మన్ అక్కడే ఉన్నాడు. ఇన్నేళ్లూ కలిసొచ్చింది కలిసొచ్చింది అని వాణ్ణి నేనే కాపాడుకుంటూ, లేడు లేడు అని రాశాను."

మర్నాడు నన్ను కూడా లాబ్‌కు లాక్కుపోయింది, ఒంటరిగా చూడలేనంది. అదే ఫ్లాస్కు, అదే ఆల్కహాల్. అందులో గోటికొనంత రాగి ఉప్పు వేసింది. తెల్ల గొట్టం తిరగడం మొదలైంది. మేమిద్దరం స్టూళ్లమీద కూర్చున్నాం. కిటికీలో ఎండ టేబులు మీదనుంచి నేలమీదికి దిగింది. అప్పుడు ఆ వాసన వచ్చింది. ముందు కొద్దిగా, తర్వాత గదంతా. వదిన రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. రెండూ చేసిందనుకుంటాను.

ప్రేమ్‌చంద్ సర్ మంచివారే. ఆ సంవత్సరమే రిటైరవుతున్నారు. వదిన చెప్పింది విని చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తర్వాత తలుపు వేసి రమ్మన్నారు. నేను బయట బెంచీ మీద ఉన్నా, ఆయన మాట వినిపిస్తూనే ఉంది.

"నువ్వు రాసిన అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. వచ్చింది వచ్చినట్టే రాశావు. థీసిస్ ఇచ్చెయ్. ఫ్లాస్కును చింతపండుతో తోమేవాళ్లు ఈ లోకంలో ఎవరున్నారు బేటా? ఎవరికి తెలుస్తుంది?"

నిజం చెబుతున్నాను, నాకూ అదే న్యాయమనిపించింది. ఇంటికొస్తూ దారంతా పోరాను. "ఇచ్చెయ్యవే బాబూ! డాక్టరువైపో. ఆ తర్వాత తీరిగ్గా నిజం చెప్పుకో, ఎవరొద్దన్నారు?" వదిన మొహం అటు తిప్పుకుంది. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఇంత కష్టపడి, గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టనంటే ఎవరికి మాత్రం కోపం రాదు?

అమ్మకు జరిగింది వదినే మెల్లగా చెప్పింది. అమ్మ అర్థం చేసుకుంది, కానీ తన పద్ధతిలో. ఆ తర్వాత వంటింట్లో ఒక్కతే కూర్చుని "నా సేతులు ఇరిగిపోను, నాకెందుకే ఆ తోమడం" అనుకుంటూ ఉండేది. వదిన ఎంత చెప్పినా తలకెక్కలేదు. చింతపండు డబ్బా అటక మీదికి పోయింది. మాకు నెలరోజులు చారు లేదు.

థీసిస్ ఇవ్వడానికి ముందు, చేసిన పనిని అందరిముందూ చెప్పే సెమినారొకటి ఉంటుంది. వదిన మమ్మల్నిద్దర్నీ రమ్మంది. అమ్మ పెట్టెలోంచి గంధంరంగు పట్టుచీర తీసి కట్టుకుంది. హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నాం. ముందు వరసలో కమిటీ సార్లు, బయటి ఊరునుంచి వచ్చిన మేడం ఒకావిడ. ఏం చెబుతుందో వదిన నాతో అనలేదు. ఆమె వేదిక మెట్లెక్కుతుంటే, ఇచ్చెయ్ తల్లీ, ఇచ్చెయ్, అనుకుంటున్నాను.

వదిన తెర మీద మొదటి బొమ్మ వేసింది. థీసిస్ పేరు: లోహం లేకుండా కీటోన్ల తయారీ. దానివైపు కాసేపు చూసింది. హిందీలో నెమ్మదిగా మొదలుపెట్టింది.

"ఈ పేరు తప్పు. లోహం లేకుండా ఈ చర్య జరగదు. జరుగుతుందని నేను అనుకున్నాను. నా ఫ్లాస్కులో రాగి ఉంది. మా అత్తగారు దాన్ని చింతపండుతో తోమారు. ఆరోజుతో చర్య ఆగిపోయింది."

ముందు వరసలో ఎవరో నవ్వారు. ప్రేమ్‌చంద్ సర్ తల దించుకున్నారు. వదిన ఇంకా చెబుతూనే ఉంది, కానీ పక్కన కుర్చీ కిర్రుమంది. అమ్మ లేచి నిలబడింది. నలభై ఏళ్లుగా రాయపూర్లో కూరగాయలు బేరమాడిన హిందీ ఆమెది. అత్త అనే 'సాస్' అర్థమైంది, చింతపండు అనే 'ఇమ్లీ' అర్థమైంది, తప్పు అనే 'గలత్' అర్థమైంది. నేను కొంగు పట్టుకునేలోపే రెండు చేతులూ జోడించేసింది.

"సాబ్, గల్తీ మేరా హై. బచ్చీ కా నహీ. ఉస్‌కా డిగ్రీ మత్ రోకో సాబ్. మై బుఢ్ఢీ, మేరేకు మాలూమ్ నహీ థా."

తప్పు నాది, పిల్లది కాదు, దాని డిగ్రీ ఆపకండి, ముసలిదాన్ని, నాకు తెలీలేదు. ఇందాక నవ్వినాయన నోరు మూసుకున్నాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది, వెంటనే అలా అనిపించినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

వదిన మైకు టేబులు మీద పెట్టి, మెట్లు దిగి, వరసల మధ్యనుంచి నడిచి వచ్చింది. ఆమె అంత వడివడిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ జోడించిన చేతుల్ని విడదీసి తన చేతుల్లోకి తీసుకుంది.

"అత్తయ్యా, నేను మీమీద చెప్పడం లేదు. నామీద చెప్పుకుంటున్నాను. మీరు తోమకపోతే నేను అబద్ధానికి డాక్టరునయ్యేదాన్ని. ఎవరో పాపం నా మాట నమ్మి, పని జరక్క, నాలాగే తిండి మానేసి కూర్చునేవారు. మీరు నన్ను కాపాడారు. కూర్చోండి."

అమ్మ కూర్చుంది. వదిన మళ్లీ పైకెళ్లి, మిగిలిందంతా చెప్పింది. రాగి ఎంత ఉంటే చర్య ఎంత సాగిందో బొమ్మలు వేసి చూపించింది. బయటినుంచి వచ్చిన మేడం చాలా ప్రశ్నలు వేసింది. చివర్లో లేచి నిలబడి "నిజాయితీకి అభినందనలు" అంది. కానీ అభినందనలతో డిగ్రీలు ఇవ్వరు కదా. కమిటీ లోపల కూర్చుని తేల్చింది: ఆ పేరుతో థీసిస్ చెల్లదు, పేరు మారిస్తే పని మారుతుంది, దానికి గడువు లేదు. మళ్లీ మొదటినుంచీ రిజిస్ట్రేషను చేసుకోవాలి, అది కూడా వేరే గైడు దగ్గర. ప్రేమ్‌చంద్ సర్ బయటికొచ్చి వదిన తలమీద చెయ్యి పెట్టి వెళ్లిపోయారు.

ఆటోలో తిరిగొస్తున్నాం. టాటీబంధ్ దగ్గర లారీలు అడ్డంపడి అంతా ఆగిపోయింది. దుమ్ములోంచి సాయంత్రం ఎండ బంగారు పొడిలా రాలుతోంది. అమ్మ మధ్యలో కూర్చుంది. వదిన అటు, నేనిటు. అమ్మ అడిగింది.

"అయితే డాట్రు ఇవ్వరేటి?"

"ఇవ్వరత్తయ్యా. మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి."

"సేత్తావా మరి?"

వదిన తల తిప్పి లారీల వైపు చూసింది. ఆమెకు అప్పటికే నలభై దగ్గరపడ్డాయి. "చేస్తాను" అంది. అని, ఇంతకాలం ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటపడి అమ్మ భుజం మీద పడి భోరుమంది.

"ఎన్నాల్లు పట్టుద్ది?" అంది అమ్మ.

"చాలా ఏళ్లు పడుతుందత్తయ్యా."

మా అమ్మకు షుగరు. రెండు మోకాళ్లూ పోయాయి. గుండెకు మాత్రలు మింగుతుంది. రోజూ పొద్దున్న లేవగానే "ఇంకా తీసుకుపోలేదేటి దేవుడు" అనే మనిషి. ఆమె వదిన తల నిమురుతూ కాసేపు ఆలోచించింది.

"ఏడవకు. అంతదాకా నాను సావకుండా ఉంతాన్లే" అంది.